ఆ ఒక్క సెక్షన్‌ను ఇకనైనా అమల్లోకి తెప్పించండి: తెలుగు రాష్ట్రాల ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో ఉన్న 42 మందికి, రాజ్యసభలో ఉన్న 18 మందికి

నమస్కారం.

రాజ్యాంగ 44వ సవరణ చట్టంలోని సెక్షన్ 3ను అమల్లోకి తెస్తూ నోటిఫికేషన్ ఇవ్వమని కేంద్ర ప్రభుత్వాన్ని అడగండి. విచారణ లేకుండా జైల్లో పెట్టే ఉత్తర్వులను పరిశీలించే బోర్డుల్లో జడ్జిలే ఉండాలని చెప్పే సెక్షన్ అది. మేం కోరేది ఇదొక్కటే. ఆ సవరణను ఉభయ సభలూ ఆమోదించాయి. 1979 ఏప్రిల్ 30న రాష్ట్రపతి సంతకం చేశారు. ఆ రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారు. 1977 మార్చి ఎన్నికల్లో దేశంలో చాలాచోట్ల కాంగ్రెస్ కూలిపోయినా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటి, నంద్యాల, సంజీవరెడ్డి గారిది. మన రాష్ట్రం ఎమర్జెన్సీని ఓటుతో శిక్షించలేదు గానీ, దాని చెరలు విప్పే సవరణ మీద పడిన సంతకం మాత్రం మనవాడిదే. ఆ సంతకం కింద ఉన్న ఒక సెక్షన్ ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

నియంతృత్వం నుంచి ప్రజాస్వామ్యానికి తిరిగి రావడం ఒక్క ఎన్నికతో అయిపోయే పని కాదు. 1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు, 24న మొరార్జీ దేశాయ్ ప్రమాణం చేశారు. ఆ నాటికి 1975 జూన్‌లో వాడిన పనిముట్లన్నీ రాజ్యాంగంలోనూ చట్టాల్లోనూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే విప్పడానికి రెండేళ్లు పట్టింది. ఏది ఎలా విప్పారో గుర్తు చేసుకుంటే, మిగిలిపోయింది ఏమిటో తేటగా కనబడుతుంది.

1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం చేశారు. కేంద్ర మంత్రివర్గానికి ఆ సంగతి తెలిసింది మర్నాడు పొద్దున. అందుకే 44వ సవరణ, మంత్రివర్గ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేస్తే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదని 352వ అధికరణలో రాసింది. అప్పటి ప్రకటనకు ఆధారం ‘అంతర్గత కల్లోలం’. ఎలా కావాలంటే అలా సాగదీయగల ఆ మాటను తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టారు. పార్లమెంటు ఆమోదానికి రెండు నెలల గడువుండేది, దాన్ని ఒక నెలకు కుదించారు. మామూలు మెజారిటీ సరిపోదన్నారు. ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం పొందాలన్నారు. రద్దు చేయడానికి మాత్రం లోక్‌సభలో మామూలు మెజారిటీ చాలు. సభ్యుల్లో పదోవంతు మంది నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేకంగా సమావేశం కావాలి. పెట్టడం కష్టంగా, తీయడం సులువుగా ఉండాలన్నది ఆ రాతలోని ఆలోచన. చాలా మంచి రాత అది.

తర్వాతిది కోర్టుల సంగతి. 1975 జూన్ 27న రాష్ట్రపతి ఉత్తర్వుతో 14 (సమానత్వం), 21 (ప్రాణం, స్వేచ్ఛ), 22 (అరెస్టు, నిర్బంధాల్లో రక్షణ) అధికరణల కింద కోర్టుకెళ్లే హక్కు నిలిచిపోయింది. విచారణ లేకుండా నిర్బంధించడానికి వాడిన మీసా (అంతర్గత భద్రతా) చట్టంలో 16ఏ అనే సెక్షన్ చేర్చి, నిర్బంధానికి కారణాలు చెప్పనక్కర్లేదన్నారు, నిర్బంధం సరైనదో కాదో చూసే అడ్వయిజరీ బోర్డుకు పంపనక్కర్లేదన్నారు. నాలుగు నెలలకోసారి ప్రభుత్వమే సమీక్షించుకుంటే చాలట. ఎమర్జెన్సీ అతిక్రమణలపై విచారణ జరిపిన షా కమిషన్ లెక్కల ప్రకారం మీసా కింద 34,988 మందిని నిర్బంధించారు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద అరెస్టయిన 75,818 మంది వీరికి అదనం. తొమ్మిది హైకోర్టులు నిర్బంధితుల పక్షాన నిలబడ్డాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరు తప్ప, ప్రభుత్వం పక్షాన నిలబడింది. ఎమర్జెన్సీలో అక్రమంగా జైల్లో పెట్టినా నిర్బంధితుణ్ణి కోర్టు ముందుకు తెమ్మని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ చెల్లదని చెప్పింది. 44వ సవరణ దీనికీ మందు రాసింది: 20 (శిక్షల విషయంలో రక్షణ), 21 అధికరణలను ఎమర్జెన్సీలో సైతం ఆపకూడదు. మీసాను 1978లో రద్దు చేశారు. 1976 నాటి ఆ తీర్పు తప్పని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

ఇంతవరకూ బాగుంది. మిగిలింది 22వ అధికరణ.

నేరం రుజువు కాకుండా, అసలు విచారణే లేకుండా, ‘ఇతను ముందుముందు చేస్తాడేమో’ అన్న అనుమానంతో మనిషిని జైల్లో పెట్టడానికి ఆ అధికరణ వీలిస్తుంది. ఇది ఎమర్జెన్సీ అక్కర్లేకుండా, మామూలు రోజుల్లోనే. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష పాలన నుంచి బయటపడి 1996లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు, విచారణ లేకుండా ఎవరినీ నిర్బంధించకూడదని 12వ సెక్షన్‌లో నేరుగా రాసింది. ఎమర్జెన్సీలో మినహాయింపు ఇచ్చినా, పది రోజుల్లోపు కోర్టు పరిశీలించి తీరాలంది. మనవాళ్లు 1978లో అంత దూరం వెళ్లలేదు. ముందస్తు నిర్బంధాన్ని ఉంచారు, దాని మీద కాపలా మాత్రం మార్చారు. ఆ మార్పే సెక్షన్ 3.

ఇప్పుడున్న నిబంధన ప్రకారం మూడు నెలలు దాటి నిర్బంధించాలంటే అడ్వయిజరీ బోర్డు ‘తగిన కారణం ఉంది’ అనాలి. బోర్డులో ఎవరుండవచ్చు? హైకోర్టు జడ్జిగా ఉన్నవారు, ఒకప్పుడు ఉన్నవారు, లేదా జడ్జి కావడానికి అర్హత ఉన్నవారు. ఈ మూడోది చూడండి. పదేళ్లు హైకోర్టులో ప్రాక్టీసు చేసిన ఏ న్యాయవాదైనా ఆ మాట కిందికి వస్తారు. వారిని ఎంచుకునేది ప్రభుత్వం. అంటే నిర్బంధ ఉత్తర్వును సమర్థించే ప్రభుత్వమే, ఆ ఉత్తర్వు సరైనదో కాదో చెప్పే మనుషులనూ పెట్టుకుంటుంది. పైగా కొన్ని రకాల కేసుల్లో బోర్డు అభిప్రాయం లేకుండానే మూడు నెలలు దాటి ఉంచవచ్చని పార్లమెంటు చట్టం చేసుకునే వీలు 22(7)(ఏ)లో ఉంది.

సెక్షన్ 3 అమల్లోకి వస్తే మూడు నెలలు రెండవుతాయి. బోర్డు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీదే ఏర్పడాలి. అధ్యక్షులు ఆ హైకోర్టులో ప్రస్తుతం పనిచేస్తున్న జడ్జి అయి ఉండాలి. మిగతా ఇద్దరూ ఏదో ఒక హైకోర్టులో పనిచేస్తున్న లేదా రిటైరైన జడ్జిలు కావాలి. ‘అర్హత ఉన్నవారు’ అన్న మాట పోతుంది. 22(7)(ఏ) కూడా పోతుంది. ఇంతే.

మరి ఎందుకు ఆగింది? చట్టం మొదటి సెక్షన్‌లోనే ఒక వాక్యం ఉంది: కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన తేదీ నుంచి ఇది అమల్లోకి వస్తుంది, వేర్వేరు సెక్షన్లకు వేర్వేరు తేదీలు పెట్టవచ్చు. 1979 జూన్ 20న చాలా సెక్షన్లు వచ్చాయి, మరికొన్ని ఆ ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చాయి. సెక్షన్ 3 రాలేదు. అప్పటికి జనతా ప్రభుత్వం విరిగిపోతోంది. నిజం చెప్పాలంటే జనతా వారికీ ఈ విషయంలో మనసు స్థిరంగా లేదు. ముందస్తు నిర్బంధాన్ని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే చేర్చే బిల్లు తెచ్చి, వ్యతిరేకత రావడంతో వెనక్కి తీసుకున్నారు. మళ్లీ 1979 అక్టోబరులో చరణ్ సింగ్ ఆపద్ధర్మ ప్రభుత్వం నల్లబజారు పేరుతో నిర్బంధ ఆర్డినెన్సు తెచ్చింది. 1980లో తిరిగొచ్చిన ఇందిరా గాంధీ ప్రభుత్వం ఆ సెప్టెంబరులోనే జాతీయ భద్రతా ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో దాన్ని చట్టం చేసింది. అప్పటి నుంచి కాంగ్రెస్, జనతాదళ్, యునైటెడ్ ఫ్రంట్, ఎన్డీఏ, యూపీఏ, మళ్లీ ఎన్డీఏ. ఏ ఒక్కరూ ఆ తేదీ పెట్టలేదు. మీలో ఏ పార్టీ వారినీ వేరుగా నిందించడం మా ఉద్దేశం కాదు. ఏ పార్టీకీ ఇక్కడ తప్పించుకునే దారి లేదు.

ఈ లేఖ కోర్టుకు కాక మీకు రాయడానికి కారణం ఉంది. జాతీయ భద్రతా ఆర్డినెన్సు కింద నిర్బంధంలో ఉన్న ధన్‌బాద్ ఎంపీ ఎ.కె. రాయ్ ఈ సెక్షన్ కోసమే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1981 డిసెంబరు 28న ఐదుగురి ధర్మాసనం తీర్పిచ్చింది. అందులో చీఫ్ జస్టిస్ వై.వి. చంద్రచూడ్, జస్టిస్ భగవతి ఉన్నారు. ఇద్దరూ 1976లో ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పిన నలుగురిలోని వారే. మెజారిటీ చెప్పిందేమంటే, తేదీ పెట్టే అధికారాన్ని గడువేమీ లేకుండా పార్లమెంటే ప్రభుత్వానికి ఇచ్చింది, కాబట్టి ‘పెట్టి తీరాలి’ అని కోర్టు ఆదేశించలేదు. ప్రభుత్వం ఆ నమ్మకాన్ని వమ్ము చేసిందనుకుంటే దాన్ని నిలదీయాల్సింది పార్లమెంటే. జస్టిస్ గుప్తా, జస్టిస్ తుల్జాపూర్కర్ ఒప్పుకోలేదు. అధికారంతో పాటు బాధ్యతా వస్తుందన్నారు. కానీ వారిది మైనారిటీ. అంటే చట్టం ప్రకారం ఈ బంతి 1981 నుంచి మీ సభల్లోనే ఉంది.

‘ఇది ఢిల్లీ న్యాయవాదుల గొడవ, మా నియోజకవర్గానికేం సంబంధం’ అని మీకు అనిపించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) అంటే తెలియని మండలం లేదు. అది 1986 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం. సారా, దోపిడీ, డ్రగ్స్, రౌడీయిజం, వ్యభిచార నిర్వహణ, భూకబ్జాల కోసం చేశారు. తెలంగాణ తర్వాత దాన్ని సవరించి నకిలీ విత్తనాలు, ఎరువులు, ఆహార కల్తీ, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాల దాకా విస్తరించింది. వీటిలో చాలావరకు నిజంగా ఘోరమైన నేరాలే. నకిలీ విత్తనాలమ్మినవాడికి కోర్టులో శిక్ష పడాలి, అందులో మాకు సందేహం లేదు. ఈ చట్టం చేసేది శిక్ష వేయడం కాదు, కేసు నడపకుండా ఏడాది జైల్లో ఉంచడం.

అది నడిచే తీరు ఇది. కలెక్టరో పోలీసు కమిషనరో ఉత్తర్వు ఇస్తారు. 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. అయిదు రోజుల్లో కారణాలు నిర్బంధితుడికి ఇవ్వాలి. మూడు వారాల్లో బోర్డుకు పంపాలి. నిర్బంధించిన నాటి నుంచి ఏడు వారాల్లో బోర్డు నివేదిక ఇవ్వాలి. బోర్డు సరేనంటే గరిష్ఠంగా 12 నెలలు. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలని గతంలో ఒక తీర్పుండేది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మూడు నెలల గడువు అధికారికి ఉత్తర్వులిచ్చే అధికారం అప్పగించడానికే గానీ నిర్బంధ కాలానికి కాదంది. కాబట్టి ఇప్పుడు ఒకే ఉత్తర్వుతో ఏడాది పెట్టవచ్చు. ఆ ఏడాదిలో కోర్టు గడప తొక్కకుండా నిర్బంధితుడికి దొరికే ఒకే ఒక్క బయటి పరిశీలన ఆ బోర్డుది. అక్కడ అతనికి లాయరు ఉండరు. బోర్డు నివేదికలో ఆఖరి అభిప్రాయం తప్ప మిగతాదంతా రహస్యం. ఏమి చూసి ‘తగిన కారణం ఉంది’ అన్నారో అతనికి తెలియదు.

ఈ ఉత్తర్వులు ఎక్కడ చెడతాయో కోర్టు తీర్పులు చూస్తే తెలుస్తుంది, అవి పదేపదే ఒకే చోట చెడుతున్నాయి. మామూలు కేసులో బెయిలు రాగానే, బెయిలు రద్దుకు పిటిషన్ వేయకుండా పీడీ ఉత్తర్వు ఇస్తారు. బెయిలు షరతులను ఉత్తర్విచ్చే అధికారి ముందు పెట్టరు. నెలల నాటి పాత కేసులను కొత్త ముప్పుగా చూపిస్తారు. ఇంగ్లిష్ కాగితాలకు నిర్బంధితుడికి వచ్చిన భాషలో అనువాదం ఇవ్వరు, లేదా చదవలేని జిరాక్సులిస్తారు. అన్నిటికంటే పెద్ద పొరపాటు, శాంతిభద్రతల సమస్యను పబ్లిక్ ఆర్డర్ సమస్యగా చూపడం. ఒక మనిషి మీదో ఒక ఇంటి మీదో జరిగిన నేరం మొదటిది. ఊరి జనజీవనాన్నే కుదిపేసేది రెండోది. ఈ తేడాను సుప్రీంకోర్టు 1965లోనే రామ్ మనోహర్ లోహియా కేసులో ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు గీసినట్టు వివరించింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ నిర్బంధ ఉత్తర్వు ఒకదాన్ని కొట్టేస్తూ, ఈ చట్టం కింద అంతకుముందు ఏడాదిలోనే కనీసం పది ఉత్తర్వులను తెలంగాణ హైకోర్టు రద్దు చేసిన సంగతి గుర్తు చేసింది. 2023 సెప్టెంబరులో మరోసారి గట్టిగా మందలించింది. 2024 మార్చి 21న గొలుసు దొంగతనాల కేసులో నిర్బంధాన్ని కొట్టేస్తూ, అడ్వయిజరీ బోర్డులు రబ్బరు స్టాంపుల్లా పనిచేయకూడదని సూటిగా చెప్పింది. ఆ నిర్బంధ ఉత్తర్వు 2023 సెప్టెంబరు నాటిది. చెల్లదని తేలేసరికి ఆరు నెలలు గడిచిపోయాయి. ఆ ఆరు నెలలు తిరిగివ్వడం ఏ కోర్టు వల్లా కాదు. మొదటి ఏడు వారాల్లో బోర్డు ఆపి ఉంటే ఆ మనిషి ఇంటికి వెళ్లేవాడు. అందుకే బోర్డులో ఎవరున్నారు, వారిని ఎవరు పెట్టారు అన్నది ఇంత ముఖ్యం.

ప్రభుత్వం చెప్పగల అభ్యంతరాలు రెండు. భద్రతకు ఇబ్బంది అన్నది మొదటిది. సెక్షన్ 3 వచ్చినా నిర్బంధ ఉత్తర్వు ఇచ్చే అధికారం ఇసుమంత తగ్గదు, మొదటి రెండు నెలలు మారవు, 12 నెలల గరిష్ఠ గడువూ మారదు. జడ్జిల కొరత అన్నది రెండోది. ఖాళీల సంగతి మాకూ తెలుసు. తెలంగాణ హైకోర్టుకు మంజూరైన పోస్టులు 42, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఈ పనికి కావలసింది వారిలో ఒక్కొక్కరు, అదీ నెలలో కొన్ని రోజులు. ఉత్తర్వులు తక్కువైతే ఆ రోజులూ తగ్గుతాయి.

అయితే రేపు పొద్దుటి నుంచే అమలని నోటిఫికేషన్ ఇస్తే చిక్కులొస్తాయి. పనిచేస్తున్న జడ్జి అధ్యక్షులుగా లేని ప్రతి బోర్డూ ఆ క్షణం నుంచి రాజ్యాంగానికి నిలవదు. అందుకని మూడు నెలల తర్వాతి తేదీ వేసి నోటిఫికేషన్ ఇవ్వమనండి. ఆలోగా రాష్ట్రాలు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల సిఫారసు తీసుకుని బోర్డులను మళ్లీ ఏర్పరచుకోవచ్చు. జాతీయ భద్రతా చట్టంలోనూ పీడీ యాక్టులోనూ బోర్డు నివేదికకు ఏడు వారాలే గడువు, అంటే 49 రోజులు. రెండు నెలల్లో సరిపోతుంది. స్మగ్లింగ్, విదేశీ మారక నేరాలకు వాడే కాఫెపోసా చట్టంలో, మాదకద్రవ్యాల అక్రమ రవాణా నిరోధానికి 1988లో చేసిన నిర్బంధ చట్టంలో మాత్రం 11 వారాలుంది. 77 రోజులంటే రెండు నెలలు దాటుతుంది. కాబట్టి ఆ రెండు చట్టాల్లో 11ను 7గా మార్చే చిన్న బిల్లు అదే సమయంలో పెట్టాలి. ఈ పని మరిచిపోతే ఆ చట్టాల కింద నిర్బంధాలు సాంకేతిక కారణంతో కూలిపోతాయి, అప్పుడు నింద సెక్షన్ 3 మీద పడుతుంది.

మీ రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదన్నది మీ పార్టీ శాసనసభ్యులకు చెప్పండి. శాంతి పరిరక్షణ కోసం ముందస్తు నిర్బంధం ఉమ్మడి జాబితాలోని అంశం. పీడీ యాక్టు సెక్షన్ 9ని సవరించి, ‘అర్హత ఉన్నవారు’ అన్న మాట తీసేసి, అధ్యక్షస్థానం పనిచేస్తున్న జడ్జికే ఇవ్వాలని రెండు శాసనసభలూ రాసుకోవచ్చు. రాజ్యాంగం పెట్టిన కనీస రక్షణ కంటే ఎక్కువ ఇవ్వడానికి ఏ రాష్ట్రానికీ అడ్డు లేదు.

2024 జూన్ 26న లోక్‌సభ స్పీకరు ఎమర్జెన్సీని ఖండిస్తూ తీర్మానం చదివారు. జూలై 12న కేంద్రం జూన్ 25ను ‘సంవిధాన్ హత్యా దివస్’గా గెజిట్‌లో ప్రకటించింది. ఆ చీకటి రోజులను దేశం గుర్తుంచుకోవాలన్న మాటతో మేం మనసారా ఏకీభవిస్తాం. ఆ రోజుల్లో జైళ్లు అనుభవించి వచ్చినవారు ఓటేసి చేసిన సవరణ అదే గెజిట్‌లో ఒక్క పేజీ కోసం ఎదురుచూస్తోంది.

ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు కావాలి గనుక సమావేశాల తేదీలు రాగానే ఇవ్వండి. మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్రపు గుర్తు ప్రశ్నలు లోక్‌సభలో రోజుకు 20, రాజ్యసభలో 15 మాత్రమే. లాటరీలో రావాలంటే ఎక్కువ మంది వేయాలి. ముందస్తు నిర్బంధం హోంశాఖ చూసేది, రాజ్యాంగ సవరణ నోటిఫికేషన్ న్యాయశాఖ ఇచ్చేది. ఒక శాఖ రెండో దాని మీదికి నెట్టకుండా ఇద్దరు మంత్రులకూ విడివిడిగా వేయండి. శుక్రవారం ప్రైవేటు సభ్యుల సమయంలో తీర్మానం పెట్టే వీలూ ఉంది. మీ పని సులువు కావడానికి ప్రశ్న ముసాయిదా ఇక్కడే ఇస్తున్నాం:

(ఎ) రాజ్యాంగ (44వ సవరణ) చట్టం, 1978లోని సెక్షన్ 3 ఇప్పటివరకు అమల్లోకి రాలేదన్నది నిజమేనా?

(బి) నిజమైతే, 1979 నుంచి దీనిపై ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలేమిటి, ఏయే తేదీల్లో, ఏయే కారణాలతో?

(సి) దేశంలో ప్రస్తుతం పనిచేస్తున్న అడ్వయిజరీ బోర్డుల్లో ఎన్నింటికి పనిచేస్తున్న హైకోర్టు జడ్జి అధ్యక్షత వహిస్తున్నారు, రాష్ట్రాలవారీగా చెప్పండి.

(డి) సెక్షన్ 3ను ఏ తేదీ నుంచి అమలు చేస్తారు?

ఇట్లు,
నిర్బంధ చట్టాల కేసులు వాదించే కొందరు న్యాయవాదులు, పౌరహక్కుల కార్యకర్తలు